రేటెంతమ్మ సంచి

నెలలో మొదటి సోమవారం బజారు వీధిలో దుకాణాల వాళ్ళు ధరల పలకలు తుడిచి, అంకెలు దిద్ది, కాస్త గంభీరంగా కూర్చునేవాళ్ళు. ఆ హడావిడంతా రేటెంతమ్మ కోసం. ఆవిడ గణాంకాల ఆఫీసులో పనిచేసేది. ధరలు అడగడమే ఆవిడ ఉద్యోగం. అడుగుతుంది, రాసుకుంటుంది, పక్క దుకాణానికి వెళ్తుంది. అసలు పేరు జీతాల పట్టీలో ఎక్కడో క్షేమంగా ఉంది. కనబడ్డ ప్రతి వస్తువునీ "రేటెంత?" అని పలకరించే మనిషికి ఇంకో పేరు దండగని బజారు ఎప్పుడో తేల్చేసింది. ఆవిడకి ఆ పేరు మీద కోపమేమీ లేదు. తన పని తనకి బాగా వచ్చని ఆవిడకి తెలుసు, అలాంటివాళ్ళకి ఎగతాళి అంటదు.

"ఇన్నేళ్ళనుంచీ వస్తున్నావు, ఒక్క టమాటా అయినా కొన్నావా తల్లీ?" అని కూరగాయలావిడ ప్రతిసారీ దెప్పేది.

"నీ దగ్గర కొంటే నీమీద ప్రేమ పుడుతుందక్కా. ప్రేమ పుడితే రేటు తప్పు రాస్తాను."

"సంచి భుజాన వేసుకుని బజారంతా తిరిగి, ఖాళీ సంచితో ఇంటికెళ్ళే మనిషిని నిన్నొక్కదాన్నే చూశాను."

రేటెంతమ్మ నవ్వి ముందుకి సాగిపోయేది.

ఆ సంచిని ఆవిడ పిన్ని కుట్టింది, పాత గొడుగు గుడ్డతో. రెండు పట్టీలు, లోపల ఒక జేబు, చూడటానికి మామూలు సంచే. దాని మూతి దగ్గర నోరుపెట్టి ఇంత డబ్బు, ఫలానా ఊరు అని చెబితే, ఆ డబ్బుతో ఆ ఊళ్ళో మనిషి ఎంత బతుకు బతకగలడో అంత బరువెక్కేది. ఇంటద్దె, బస్సు చార్జీ, కిరాణా, పంటి డాక్టరు, అన్నీ అందులోకే వచ్చేవి. లోపల చెయ్యి పెడితే ఏమీ తగిలేది కాదు, భుజం మాత్రం లాగేది. ఒకే నోటు తమ ఊరి పేరుతో చెబితే వారానికి సరిపడా కూరగాయలంత బరువు తూగేది, దూరదేశపు ఖరీదైన ఊరి పేరు చెబితే కొత్తిమీర కట్టంత తేలికయ్యేది. ఆఫీసువాళ్ళు కుర్చీలకీ బీరువాలకీ వేసినట్టే దానికీ ఒక నంబరు వేసి, గోడకి ఒక కొక్కెం కొట్టి ఇచ్చారు. నెలల తరబడి చేసిన లెక్కకీ సంచి బరువుకీ తేడా వస్తే, లెక్కే మళ్ళీ చేసేవాళ్ళు.

సంచికి ఒక్కటే పట్టింపు. అంకె పెంచి చెబితే ఏదో ఒక మూల కుట్టు పుటుక్కుమని తెగేది. పెళ్ళికొడుకు జీతం కనుక్కోవడానికి ఆ వీధిలో చాలామంది దాన్ని అరువు తీసుకునేవాళ్ళు. తిరిగొచ్చాక పిన్ని కళ్ళజోడు పెట్టుకుని, గొణుక్కుంటూ, తెగినచోట అతుకు వేసేది. సంచి మీద ఎన్ని అతుకులున్నాయో అన్ని సంబంధాలు తప్పిపోయాయన్నమాట.

రేటెంతమ్మ తెచ్చే ధరలు చాలా దూరం ప్రయాణం చేసేవి. ప్రతి దేశంలోనూ ఇలాంటి మనిషి ఒకరు ఇలాగే బజారు తిరిగి, అవే వస్తువుల ధరలు తెస్తారు. వాటన్నిటినీ దూరదేశంలో పెద్దాఫీసు అనే ఒకచోట పక్కపక్కన పెట్టి, ఇక్కడ ఒక నోటుకి వచ్చే సరుకు అక్కడ రావాలంటే ఎంతివ్వాలో తేలుస్తారు. బ్యాంకులో డబ్బు మార్చుకునే రేటు ఒకటి, బతుకు రేటు ఇంకొకటి. ఆ రెండోదాని కోసమే ఈ తిరుగుడంతా. కిటుకు ఏమిటంటే, పోల్చే వస్తువు అన్నిచోట్లా అచ్చంగా అదే అయివుండాలి. చొక్కా అంటే చాలదు, నూలుదా, పొడుగు చేతులదా, జేబు ఉందా లేదా అన్నీ చెప్పాలి. దాన్ని వాళ్ళు వివరణ అంటారు. వివరణ తప్పితే లెక్క మొత్తం గంగపాలు. అందుకే రేటెంతమ్మ వివరణ విషయంలో దేవుడొచ్చి చెప్పినా వినేది కాదు.

అలా వినకపోవడం ఎక్కువగా కటింగ్ షాపులోనే జరిగేది. బజారు చివర ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ, ఎదురుచూసేవాళ్ళకి ఒక చెక్క కుర్చీ, అంతే ఆ షాపు. షాపాయన భార్య పోయి చాలా కాలమైంది. మాట నెమ్మది, వేళ్ళు చురుకు.

"ఈ నెల రేటెంతండీ?"

"పాతదేనండీ. టవల్‌తో కలిపి."

"మగవాళ్ళ కటింగ్, పొడి జుట్టు, కత్తెరతో, గడ్డం కాకుండా. అదీ నా వివరణ. అందులో టవల్ లేదు. టవల్ లేకుండా రేటెంత?"

"మెడ మీద వేడి టవల్ వెయ్యకుండా నేను మనిషిని కుర్చీలోంచి లేవనివ్వను కదా."

"అయితే మీది వేరే వస్తువు. నేను పక్క వీధికి పోవాలి."

"పోండి. పక్క వీధి ఆయన చెవులు కూడా కోస్తాడు. ఆ రేటు రాసుకోండి."

ఆవిడ పోయేది కాదు. చెక్క కుర్చీలో కూర్చుని, టవల్‌కి ఎంత, వేడినీళ్ళకి ఎంత అని తీసేస్తూ వాదించేది, ఆయన కత్తెర ఆడిస్తూ తాపీగా జవాబు చెప్పేవాడు. మధ్యలో ఏ దేశంలో అద్దెలు మండిపోతున్నాయో, ఎక్కడ పాలు చవకో ఆవిడ చెబితే, కుర్చీలో గిరాకీ కూడా నోరు తెరుచుకుని వినేవాడు. కుదరాల్సినప్పుడు పెళ్ళి కుదరక, తర్వాత కుదుర్చుకునే ఓపిక లేక పిన్నితో ఉండిపోయిన మనిషి ఆవిడ. బజారు మొత్తంలో ఆవిడకి ఇష్టమైన చోటు ఆ చెక్క కుర్చీ. ఆ ఇష్టం కుర్చీ మీద ఎంత, మనిషి మీద ఎంత అని విడదీసే వివరణ మాత్రం ఆవిడ దగ్గర లేదు.

ఒక బుధవారం ఆఫీసులో పెద్దసారు ఆవిడని పిలిచాడు.

"అమ్మా, పెద్దాఫీసువాళ్ళు నిన్ను పంపమంటున్నారు. పొడి జుట్టు అంటే కడగని జుట్టా, కడిగి ఆరబెట్టిన జుట్టా అని నువ్వు రాసిన ఉత్తరాలు వాళ్ళు చదవలేకపోతున్నారట. వచ్చి నువ్వే తేల్చమంటున్నారు."

"నేనా సార్?"

"ఇకమీద అన్ని దేశాలకీ వివరణలు నువ్వే రాస్తావు. జీతం బ్యాంకు రేటు ప్రకారం ఇప్పటిదానికి ఆరు రెట్లు. శుక్రవారం లోపు మాట చెప్పాలి."

ఆవిడ కొక్కేనికున్న సంచి తీసుకుని ఇంటికి నడిచింది. నడిచిందనడం కూడా తప్పే, కాళ్ళు వాటంతటవే తీసుకొచ్చాయి. ప్రపంచంలో కటింగ్ అంటే ఏమిటో, చొక్కా అంటే ఏమిటో తను రాస్తే అందరూ దాన్నే పట్టుకుని బజార్లకి బయల్దేరతారు. ఇంతకంటే గొప్ప ఉద్యోగం ఆవిడ ఊహకి అందదు. ఆవిడ జీవితంలో గట్టిగా కోరుకున్నవి రెండే. ఒకటి ఇది. రెండోదాన్ని ఆవిడ ఇంకా పేరుపెట్టి పిలవలేదు.

పిన్ని కుట్టుమిషను మీద నుంచి లేవకుండానే కబురంతా విని, "ముందు సంచికి చెప్పవే," అంది.

మొదట ఇప్పటి జీతం, ఈ ఊరి పేరు చెప్పింది. రెండు చేతులా లేపితేగానీ సంచి లేవలేదు. తర్వాత మూతి దులిపి, కొత్త జీతం, పెద్దాఫీసున్న ఊరి పేరు చెప్పింది. పిన్ని కూడా సాయం పట్టడానికి లేచి వచ్చింది. సాయం అవసరం పడలేదు. సంచి చూపుడువేలుకి తగిలించుకుంటే లేచి ఊగింది.

"అంకె తక్కువ చెప్పావేమో."

"సరిగ్గానే చెప్పాను పిన్నీ." కుట్టు ఒక్కటీ తెగలేదు. సంచి మీద అనుమానపడటం ఇద్దరికీ అలవాటు లేదు.

"ఆరు రెట్ల జీతం తీసుకుని, ఇక్కడికంటే ఇరుకుగా బతకడానికి అంత దూరం పోవాలా?"

"సగం అద్దెకే పోతుంది. రేడియో, బల్బు, గిన్నె అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకటే రేటు. మనిషి చెయ్యి పడిందంటే చాలు, చుక్కలనంటుతుంది. కుళాయి బాగుచేయించినా, పన్ను పీకించినా, జుట్టు కత్తిరించినా ఇక్కడికి ముప్పై రెట్లు."

"బట్టలకి అతుకు వేస్తేనో?"

"అతుకు మా జాబితాలో లేదు పిన్నీ."

"లేకపోతే చేర్చు. ఊరికే వేస్తున్నానా ఏం?" అని పిన్ని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

రేటెంతమ్మ సంచిని మడిచి ఒళ్ళో పెట్టుకుంది. "గిట్టుబాటు కాదు," అని పైకే అంది. ఇన్నేళ్ళుగా ఎందరి ఆశలకో ఇదే సంచితో అడ్డంగా గీత గీసింది, ఎవరి మొహం ఎలా మారిందో ఎప్పుడూ చూడలేదు. ఇవాళ తన వంతొచ్చింది.

గురువారం ఆవిడ కటింగ్ షాపుకి వెళ్ళింది. సోమవారం కాని రోజు ఆవిడ గుమ్మంలో కనబడేసరికి ఆయన దువ్వెన ఎక్కడ పెట్టాడో మర్చిపోయి వెతుక్కున్నాడు. షాపులో గిరాకీ లేదు. ఆవిడ సంచిని గోడ మేకుకి తగిలించి, చెక్క కుర్చీలో కూర్చుని, ఉద్యోగం సంగతి చెప్పింది.

ఆయన కాసేపు అద్దం తుడిచాడు. తుడవాల్సినంత మురికేమీ లేదు దాని మీద.

"మంచిదండీ. వెళ్ళి రండి. మీకు తగ్గ ఉద్యోగం."

"వెళ్ళడం లేదు. సంచి తేలికగా ఉంది. గిట్టుబాటు కాదు."

"ఓహో," అన్నాడు. ఆ ఓహోలో సంతోషం ఉందో, సానుభూతి ఉందో ఆవిడకి తెలియలేదు. "ఇంతకీ అక్కడ కటింగ్ రేటెంత?"

"ఇక్కడికి ముప్పై రెట్లు పైనే."

"టవల్‌తోనా?"

"టవల్ లేకుండా."

ఆయన నోటితో ఈల వేశాడు. అప్పుడు ఆవిడకి పిన్ని అతుకు గుర్తొచ్చింది. చేత్తో చేసే పనికే కదా అక్కడ రేటు. నిన్నంతా తన జీతం ఒక్కటే సంచికి చెప్పి, ప్రపంచం అక్కడితో అయిపోయినట్టు కూర్చుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి చేతుల్ని సంచికి ఎవరూ చెప్పనేలేదు. ఎప్పుడూ గొంతు తడబడని మనిషి కదా, ఆఫీసు గొంతులోనే అడిగింది.

"మీరైతే... అలాంటి చోటికి వస్తే, మీకు గిట్టుబాటవుతుందా?"

అడిగింది చిన్న మాట, వెనకున్నది పెద్ద మాట. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. కత్తెర తెరిచాడు, మూశాడు.

"లేదండీ. నాకు గిట్టదు," అన్నాడు.

గిట్టదు. బేరంలో వినబడితే ఆ మాటకి ఎవరూ బాధపడరు, ఇంకో దుకాణానికి పోతారు. ఒకే గదిలో ఒక ఆడా ఒక మగా ఉన్నప్పుడు వినబడితే అది ఇంకోలా తగులుతుంది. రేటెంతమ్మ "సరేనండీ" అని లేచింది. గొడుగు తీసుకుంది, కళ్ళజోడు సర్దుకుంది, తిన్నగా నడిచి ఇంటికొచ్చింది.

"సంచేదే?" అంది పిన్ని.

అప్పుడు చూసుకుంది. "మర్చిపోయాను."

"నువ్వా?" అంది పిన్ని. ఆ సాయంత్రం ఇద్దరూ ఉడికీ ఉడకని అన్నం తిన్నారు.

శుక్రవారం పెద్దసారుకి రానని చెప్పాలి. దారిలో సంచి తీసుకుపోదామని బజారులోంచి వెళ్ళింది. ఆయన మొహం చూడకుండా మేకు మీద నుంచి సంచి లాక్కుని వచ్చేయాలని దారంతా గట్టిగా అనుకుంది. తీరా చూస్తే సంచి మేకు మీద లేదు. షాపు మధ్యలో నేలమీద పడి ఉంది. దాని పక్కన ముక్కాలిపీట వేసుకుని ఆయన కూర్చున్నాడు. బయట ఇద్దరు గిరాకీలు గడ్డాలు గోక్కుంటూ నిలబడ్డారు.

"సంచి లేవడం లేదండీ," అన్నాడాయన. "మీ ఇంటికి తెచ్చిద్దామనుకున్నాను. వీళ్ళిద్దరూ కూడా చెరో పక్కా పట్టారు. అంగుళం కదల్లేదు."

"దానికి ఏం చెప్పారు?"

బడిలో దొరికిపోయిన పిల్లాడిలా తల వంచాడు. "ఆ ఊరి పేరు చెప్పాను. అక్కడి కటింగ్ రేటు చెప్పాను. ఇక్కడ చేసే తలల్లో సగమే చేసినా నెలకి ఎంతొస్తుందో చెప్పాను."

"అక్కడ షాపులో కుర్చీకి కట్టే అద్దె తీసేశారా?"

"తీసేసే చెప్పాను. అక్కడి అద్దెల గురించి మీరు ఈ కుర్చీలో కూర్చుని చెప్పనిది ఏముంది?"

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని కుట్లన్నీ వేలితో తడిమింది. పిన్ని వేసిన అతుకులన్నీ వేసినట్టే ఉన్నాయి. అబద్ధం లేదు.

"మరి నిన్న గిట్టదన్నారు."

"అన్నాను. ఇదే కత్తెరతో, ఇదే పనికి, నోరు తెరిచి అంత రేటు అడగడం నాకు గిట్టదు."

"రేటా గిట్టనిది?"

"మరింకేమిటి?" అని, ఆవిడ మొహం చూసి, అప్పుడు అర్థమై పీట మీద నుంచి లేచిపోయాడు. "అయ్యో. మిమ్మల్ని అయితే గిట్టరు అనాలిగానీ గిట్టదు అంటానా అండీ? ఇన్నేళ్ళలో మిమ్మల్ని ఒక్కసారైనా ఏకవచనంలో అన్నానా?"

పొడి జుట్టు అనే రెండు మాటల మీద దేశదేశాలతో పోట్లాడిన మనిషి, 'రు'కీ 'దు'కీ తేడా చూసుకోకుండా ఒక రోజంతా ఏడుపు మింగింది. ఆవిడకి సిగ్గేసింది, నవ్వొచ్చింది, రెండూ ఒకేసారి రావడం వల్ల కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. తుడుచుకున్నాక మళ్ళీ మామూలు రేటెంతమ్మ అయిపోయింది.

"అది పెద్ద రేటు కాదండీ. అక్కడివాళ్ళు తమ సంపాదనలో ఎంత వంతు మీకిస్తారో, ఇక్కడివాళ్ళూ ఇంచుమించు అంతే వంతు ఇస్తున్నారు. ఇదిగో, ఈయన ఇస్తున్నారు," అని గుమ్మంలో గిరాకీని చూపించింది. "వాళ్ళకి అది భారం కాదు. అంకె పెద్దగా కనబడుతుంది, అంతే. మీరు మొహమాటపడాల్సిందేమీ లేదు."

"మీరంత ధైర్యంగా చెబితే గిట్టొచ్చు. టవల్ మాత్రం మానను."

"టవల్ వేస్తే అది వేరే వస్తువని ఎన్నిసార్లు చెప్పాను?"

"తెలుసండీ. మీరు మొదటిసారి వచ్చినప్పుడు ఈ షాపులో టవల్ లేదు." ఆయన అద్దం వైపు తిరిగి, అద్దంలోని ఆవిడతో చెప్పాడు. "రేటు చెప్పగానే రాసుకుని లేచి వెళ్ళిపోయారు. వాదించడానికి ఏదైనా ఉంటే ఇంకాసేపు కూర్చుంటారని, తర్వాతి నెలనుంచి మొదలుపెట్టాను."

బయట గిరాకీలు గడ్డాలు గోక్కోవడం ఆపేశారు. రేటెంతమ్మ రాసుకోవడానికి పెన్ను తీసి, ఏమీ రాయకుండానే మూత పెట్టింది. బజారు చరిత్రలో అది మొదటిసారి.

"అక్కడ ఇంటద్దె ఒకరికైనా ఇద్దరికైనా ఒకటేనా?" అని ఆయనే అడిగాడు.

"ఒకటే."

"అయితే ఒక్కరికి దండగ."

"దండగే. ఇద్దరంటే ఎవరెవరో వివరణ సరిగ్గా ఇవ్వండి."

"ఒకరు నేను. ఇంకొకరు కళ్ళజోడు, పొడి జుట్టు, టవల్ అంటే పడదు."

"మూడో మనిషి కూడా ఉంది," అంది ఆవిడ. "మా పిన్ని. అతుకులు వేస్తుంది."

"ఆవిడ లేకపోతే ఎలాగండీ? సంచి తెగితే నేను కుట్టలేను."

ఆవిడ సంచి మూతి దులిపి, దగ్గరికి తీసుకుని, మళ్ళీ మొదటినుంచి చెప్పింది. తన జీతం, ఆయన కత్తెర సంపాదన, పిన్ని అతుకులు, ఇల్లు ఒక్కటే. సంచి నేలకి ఇంకాస్త హత్తుకుంది. ఒక పట్టీ తను పట్టుకుని, రెండోది పట్టుకోమని ఆయనకి కళ్ళతోనే చెప్పింది. ముగ్గురు మగవాళ్ళకి కదలని సంచి, ఆ బతుకు తమదే అయిన వీళ్ళిద్దరికీ లేచింది. తేలికై లేవలేదు, భుజాలు లాగుతూనే ఉన్నాయి. మోయగలిగినంత బరువది.

"మరి నా కటింగ్?" అన్నాడు గుమ్మంలో గిరాకీ.

"ఆఫీసుదాకా వెళ్ళి మాటిచ్చేసి వస్తాం. కూర్చోండి," అని ఆయన షాపు తెరిచే ఉంచి బయల్దేరాడు.

చెరో పట్టీ పట్టుకుని, మధ్యలో సంచి నేలకి తగలకుండా చూసుకుంటూ, ఒకరి అడుగు ఒకరికి కలుపుకుంటూ బజారు మొత్తం నడిచారు. గిన్నెల కొట్టువాడు చూశాడు. చెప్పుల కొట్టువాడు పక్కవాడిని పొడిచి చూపించాడు. ఎవరూ నోరెత్తలేదు. సంచి ఎందుకు బరువెక్కుతుందో ఆ వీధిలో తెలియనిదెవరికి.

కూరగాయలావిడ మాత్రం ఊరుకోలేదు. నీళ్ళు చల్లుతున్న చెంబు పక్కన పెట్టి, "ఏం తల్లీ, ఇన్నాళ్ళకి ఏదో కొన్నట్టున్నావే?" అంది.

"కొన్నానక్కా."

కూరగాయలావిడ సంచిని చూసింది. సంచికి అటుపక్క ఎర్రబడ్డ చెవులతో నిలబడ్డ మనిషిని చూసింది. ఇన్నేళ్ళ కసి తీర్చుకునే అవకాశం చేజేతులా వదులుకునే మనిషి కాదు ఆవిడ.

"రేటెంత?"

రేటెంతమ్మ పట్టీని రెండో చేతిలోకి మార్చుకుంది.

"అడగలేదు," అంది.